దాలిలో ముంత

జగన్నాధం పోయిన పూట ఆ ఇంట్లో ఏడుపుకంటే ముందు పొయ్యి ఆరింది. ఆర్పింది గున్నమ్మ. పోయినవాడికి తోడబుట్టిన అక్క, డెబ్బై దాటిన మనిషి, నాలుగిళ్ళ అవతల కాపురం. తమ్ముడి గొంతులో గురక ఆగిందని రూఢి చేసుకుని, లేచి వంటింట్లోకి వెళ్ళి, చెంబెడు నీళ్ళు పొయ్యిలో కుమ్మరించి, ఆ తరవాత వచ్చి గుండెలు బాదుకుంది. ముందు పని, తరవాత ఏడుపు. ఆవిడ పద్ధతే అంత.

పొయ్యి మీద అప్పటికి అన్నం సగం ఉడికింది. కోడలు నీలవేణి పరుగున వెళ్ళి గిన్నె పట్టుకోబోతే గున్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గీయే. మూడో దినం దాకా ఈ పొయ్యిలో నిప్పు ఉండకూడదు. ఉన్నాదంటే ఈ గుమ్మంలోంచి ఇంకో పీనుగ లెగుస్తాది. మాయమ్మ సెప్పింది, మాయమ్మకి ఆళ్ళమ్మ సెప్పింది."

ఇక దానికి ఎదురేముంది? నీలవేణి చేతులు వెనక్కి తీసుకుంది. ఆ సగం ఉడికిన మెతుకులు కాకులకు పోయాయి.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, వైశాఖం. కోటబొమ్మాళికి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో పొలాలు నెరెలు విచ్చి, పశువులు నీడకోసం గోడలకు అంటుకుపోయి నిలబడే రోజులు. పొద్దున్న పిండిన పాలు మధ్యాహ్నానికి కాచకపోతే విరిగిపోతాయి. అలాంటి ఎండల్లో జగన్నాధం ఎనిమిది రోజులు ఆయాసపడి, తొమ్మిదో రోజు మంగళవారం పొద్దున్న వెళ్ళిపోయాడు. సాయంత్రానికి దహనం కూడా అయిపోయింది. మగవాళ్ళు చెరువులో మునిగి తడిబట్టలతో తిరిగొచ్చారు. ఆయన భార్య జగ్గమ్మ మాత్రం పెరటి వసారాలో గోడకు జారగిలబడి, పొద్దున్న కూర్చున్నచోటే కూర్చుంది. ఏడవలేదు. మాట్లాడలేదు. మంచినీళ్ళిస్తే పెదవులు తడుపుకుని చెంబు కింద పెట్టింది.

నీలవేణికి గుబులు పట్టుకుంది అక్కడే. మావగారు పెద్దవాడు, తన ఆయుష్షు తను తిన్నాడు. అత్తగారి సంగతి అది కాదు. మొగుడికి జబ్బు చేసిన ఎనిమిది రోజులూ ఆవిడ తిన్నది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ముంజేతి ఎముక మీద చర్మం వదులు రవికలా వేలాడుతోంది. ఇంకో రెండు పూటలు ఇలాగే కూర్చుంటే ఈ మనిషి దక్కదని కోడలికి తెలిసిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అత్తాకోడళ్ళంటే కత్తులు నూరుకుంటారని లోకానికి ఒక సరదా. ఆ ఇంట్లో ఆ సరదా తీరలేదు. అయిదేళ్ళ కింద నీలవేణి కూతుర్ని కని, బాలింత జ్వరంతో తెలివి తప్పి పడి ఉంటే, నలభై రోజులు పక్కలో కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది జగ్గమ్మ. పుట్టిన పిల్లకి అసిరమ్మ అని ఊరి దేవత పేరు మొక్కుకుని పెట్టింది కూడా ఆవిడే. పుట్టింటివాళ్ళు కూడా ఆశ వదులుకున్న మనిషిని వేడన్నం పెట్టి లేవదీసింది. ఆ వేడన్నం నీలవేణి మరిచిపోలేదు. అత్తగారికి పళ్ళు ఊడిపోయి, చల్లటి కూడు మింగితే కడుపులో మెలిపెట్టడం మొదలైన దగ్గర్నుంచి, ఇంటిల్లిపాదీ పొద్దున్న చద్ది తాగినా ఆవిడకి మాత్రం పొగలు కక్కే అన్నమే పెడుతూ వచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో వేడి అన్నదే లేదు.

ఉన్నది ఒక్క దాలి.

పెరటి వసారా చివర మోకాలి లోతు గుంట అది. అడుగున పిడకలు పేర్చి, నిప్పు వేసి, పైన ఊకా బూడిదా కప్పితే మంట కనపడకుండా రోజంతా రాజుకుంటూ ఉంటుంది. అందులో పొద్దున్న పాలకుండ దింపితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, చేతి మందాన మీగడ కడతాయి. జగ్గమ్మ కాపురానికొచ్చిన ఏడాది రాజేసిన దాలి అది. గాలివానల్లో కూడా తాటాకు గొడుగు పట్టుకుని కాపాడుకుంది. మంగళవారం పొద్దున్న పొయ్యి ఆర్పిన చేత్తోనే గున్నమ్మ దాలి దగ్గరకు కూడా చెంబు పట్టుకు వెళ్ళింది. ఆ రోజు మొత్తానికి జగ్గమ్మ నోరు విప్పింది అప్పుడే.

"వదినా, దాలి జోలికి ఎల్లకు."

గున్నమ్మ ఆగిపోయింది. చాలాసేపు ఆలోచించింది. పొయ్యికి శాస్త్రం ఉంది గాని దాలికి ఏ శాస్త్రమూ ఆవిడకి గుర్తు రాలేదు. గుర్తు రాకపోతే అప్పటికప్పుడు పుట్టించగల మనిషి కనక పుట్టించింది.

"సరే, ఉన్న నిప్పు ఉండనీ. కొత్త పిడక ఎయ్యకూడదు. కెలక్కూడదు, ఊదకూడదు. దానంతట అది ఉంటే ఉంటాది, పోతే పోతాది. పాలు రెండు దినాలు పక్కోళ్ళకి పోసీండి."

అందరూ తలలూపారు. ఊళ్ళో సగం శాస్త్రాలు ఇలా పుట్టినవే. వాటి వయసు ఎవరూ అడగరు.

మర్నాడు బుధవారం మధ్యాహ్నం జగ్గమ్మ తమ్ముడు గంగరాజు బండి కట్టుకుని వచ్చాడు. చావింటికి పుట్టింటివాళ్ళు కూడు తేవడం ఆనవాయితీ. కోడికూతకు ముందే వాళ్ళింట్లో వండి, ఇత్తడి గుండిగల్లో సర్ది, చుట్టూ గడ్డి కూరి, నాలుగు కోసుల దూరం ఎండలో లాక్కొచ్చారు. అన్నం, కందిపప్పు, కాస్త గుమ్మడికాయ కూర. మూత తీస్తే ఇంకా నులివెచ్చగా ఉంది. నిన్నట్నుంచి పస్తున్న జనం విస్తళ్ళ ముందు కూర్చుని తిన్నారు.

జగ్గమ్మ తినలేదు. తమ్ముడు బతిమాలాడు. కొడుకు సోములు కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆవిడ ఇద్దర్నీ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఆకలి నేదురా. అయినప్పుడు నానే అడుగుతాను."

ఆ ఒక్క మాటా నీలవేణి కొంగున ముడేసుకుంది. అడుగుతానంది కదా. అడిగిన క్షణాన పెట్టాలి. చల్లగా పెడితే గొంతు దిగదు, దిగినా కడుపులో నిలవదు. ఒక్కసారి వద్దని విస్తరి తోసేసిందంటే మళ్ళీ అడగదు. నీలవేణి చిన్న మట్టి ముంత కడిగి, అందులో మెత్తటి అన్నం ఏరి వేసి, పప్పు పోసి, నెయ్యి వేసి గట్టిగా కలిపి, పైన అరిటాకు ముక్క కప్పి మూత పెట్టింది.

గున్నమ్మ చూసింది. "ఏటే అది?"

"మా అత్తకి, అత్తా. దాలిలో పెడతాను. ఎప్పుడడిగితే అప్పుడు ఎచ్చగా ఉంటాది."

"ఎచ్చనెందుకే? గంజి నీళ్ళు పోసీయి, రేపటికి తరవాణి అవుతాది. దినమూ మనం సేసీదే కదా."

నిజానికి గున్నమ్మ జన్మలో అనవలసిన మాట అన్నది ఆ ఒక్కసారే. నీళ్ళు పోసిన అన్నం పులుస్తుంది. ఆ పులుపుతోనే ఊరంతా ఎన్నో తరాలుగా ఎండాకాలాలు దాటుకొచ్చింది. కాని నీలవేణి కోడలుగా తనకున్న అహంకారమంతా ఆ ముంతలో పెట్టి ఉంది.

"మా అత్త సల్లది తినదు," అని ముంత పట్టుకుని వెళ్ళిపోయింది.

దాలిలో బూడిద చేత్తో పక్కకు జరిపి, ముంతను మెడదాకా పాతి, మళ్ళీ బూడిద కప్పింది. కెలక్కూడదన్నారు కనక అడుగు కెలకలేదు. పక్కనే పాత గంపలో కోడి ఒకటి పద్దెనిమిది రోజులుగా పొదుగుతోంది. అసిరి ఆ గంప దగ్గర గొంతుక్కూర్చుని, కోడి చూడకుండా రెక్క కింద చెయ్యి పెట్టింది.

"ఎచ్చగా ఉన్నాయే అమ్మా గుడ్లు!"

"సెయ్యి తియ్యే, పొడుస్తాది."

ఆ సాయంత్రం నీలవేణి నాలుగుసార్లు దాలి దగ్గరకు వెళ్ళింది. మూత ఎత్తలేదు. ముంత మెడ మీద అరచెయ్యి ఆనించి చూసేది. మొదటిసారి వేడిగా తగిలింది. రెండోసారి అంత కాదు. దీపాలవేళకి చెయ్యి ఎంతసేపు ఆనించినా కాలలేదు. హాయిగా ఉంది. అమ్మయ్య, వెచ్చగానే ఉంది అనుకుంది. పాపం, వెచ్చదనం అంటే మంచిదనే మనందరికీ తెలుసు. పసిబిడ్డకి వెచ్చగా కప్పుతాం, జబ్బుమనిషికి వెచ్చగా తాగిస్తాం. వెచ్చగా ఉన్నది చెరుపు చేస్తుందని ఆ ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి జగ్గమ్మ అడగలేదు. ముంత దాలిలోనే ఉంది.

గురువారం మూడో దినం. మగవాళ్ళు పొద్దున్నే శ్మశానానికి వెళ్ళి, అస్థులు ఏరి, చెరువులో స్నానాలు చేసి వచ్చాక, మధ్యాహ్నం పొయ్యి వెలిగించాలి. గున్నమ్మ అప్పటికే పొయ్యిని పేడతో అలికి, ముగ్గు గీసి సిద్ధం చేసింది. ఒక్క పూట. ఇంకొక్క పూట ఆగితే ఆ ఇంట్లో ఎసరు మరిగేది. సరిగ్గా సూర్యుడు తాటిచెట్ల మీదికి వచ్చేవేళ వసారాలోంచి సన్నగా పిలుపు వినపడింది.

"నీలా... కూడేటైనా ఉన్నాదేటే?"

నీలవేణి చేతిలో చీపురు అక్కడే పడేసింది. దాలి దగ్గరకు పరిగెత్తి ముంత పైకి తీసింది. బూడిద దులిపి చెంపకు ఆనించుకుంది. అసిరికి ఒళ్ళు వెచ్చబడ్డప్పుడు నుదురు ఎలా ఉంటుందో అలా ఉంది. ఒక సాయంత్రం, ఒక రాత్రి గడిచాక కూడా. మూత తీసి వాసన చూసింది. పొగ వాసన, నెయ్యి వాసన. వేలితో ఒక మెతుకు తీసి నలిపింది. వేలు ఎత్తితే మెతుక్కీ వేలికీ మధ్య సన్నని తీగ సాగింది.

చెయ్యి ఆగింది. నిజం చెప్పాలంటే ఆగింది. ఎంతసేపు? కోడి ఒకసారి గంపలో సర్దుకుని కూర్చున్నంతసేపు. నెయ్యి కదా, జిగురు ఉంటుంది అనుకుంది. కందిపప్పు కదా అనుకుంది. అటు వసారాలో అత్తగారు గోడ పట్టుకుని నిటారుగా కూర్చునే ప్రయత్నం చేస్తోంది. మూడు రోజులకు మొదటిసారి ఆవిడ కళ్ళు ఏదో ఒకదాని మీద నిలిచాయి. ఆ కళ్ళు చూశాక తీగ గురించి ఆలోచించే కోడలు ఎవరుంటారు?

పళ్ళెంలో వేసి ముందు పెట్టింది. జగ్గమ్మ చెయ్యి పెట్టి, ఆశ్చర్యంగా కోడలి ముఖంలోకి చూసింది.

"ఎచ్చగా ఉన్నాదే!"

"దాలిలో ఎట్టినానత్తా. నీ దాలే."

జగ్గమ్మ అప్పుడు ఏడ్చింది. మూడు రోజుల ఏడుపూ ఒకేసారి వచ్చింది. ఏడుస్తూ తింది. నీలవేణి పక్కనే కూర్చుని వీపు రాస్తూ, దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంది. నిద్ర లేచి వచ్చిన అసిరి మామ్మ తొడ ఎక్కి నోరు తెరిచింది. మామ్మ చేతి ముద్ద అంటే ఆ పిల్లకి ప్రాణం. జగ్గమ్మ రెండు ముద్దలు చేసి పెట్టింది. మూడోది పెట్టబోతుంటే గున్నమ్మ కేకేసింది. "సాల్లేవే, మైలకూడు పిల్లకెందుకు!" అసిరి మూతి ముడుచుకుని దిగింది. మిగిలిందంతా జగ్గమ్మే తింది. ముంత ఊడ్చి తింది. నీలవేణికి ఆ ఖాళీ ముంత చూస్తే కడుపు నిండిపోయింది.

మగవాళ్ళు ఇంకా తిరిగి రాకముందే అసిరి కక్కింది.

పెరట్లో నిలబడి ఆడుకుంటున్నది ఆడుకుంటున్నట్టే వంగి భళ్ళున కక్కింది. ఎండ దెబ్బేమో అనుకున్నారు. నీళ్ళు చల్లి చాప మీద పడుకోబెట్టారు. అంతలో వసారాలో జగ్గమ్మ పొట్ట పట్టుకుని మూలిగింది. నీలవేణి తొట్టి తెచ్చేలోపు అయిపోయింది. తరవాత మళ్ళీ. తరవాత కక్కులకి విరేచనాలు తోడయ్యాయి. ఎన్నిసార్లు ఎత్తుకెళ్ళిందో, ఎన్ని పాతబట్టలు మార్చిందో నీలవేణికి లెక్క లేదు.

"బెంగ," అన్నారు ఒకరు. "దిష్టి," అన్నారు ఇంకొకరు. గున్నమ్మ మాత్రం అలికిన పొయ్యిలోకి వంగి చూసింది. "ఎవులైనా నిప్పు ముట్టించేరేటి దీన్లో? నిజం సెప్పండి," అంది. ఎవరూ ముట్టించలేదు. బూడిద కూడా లేదు. ఆవిడ ఇంకా అనుమానంగానే చూసింది.

శ్మశానం నుంచి వస్తూనే సోములు సైకిలెక్కి కోటబొమ్మాళి వెళ్ళాడు. కాంపౌండరు నరసింగరావు తోలుసంచీ వేలాడేసుకుని వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆయన ముందు పిల్లని చూశాడు. పొట్ట నొక్కి, కనురెప్ప లాగి చూసి, "ఇది గట్టిదే. తిన్నదంతా వెంటనే కక్కేసింది, అదే మేలు చేసింది," అన్నాడు. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పూ పంచదారా వేసి చెంచాతో పట్టమన్నాడు. ఆ గొడవలో పొయ్యి వెలిగించనే లేదు, కాచడానికి ఆ ఇంట్లో నిప్పు లేదు. పక్కింటివాళ్ళు కాచి ఇచ్చారు.

తరవాత జగ్గమ్మ మణికట్టు పట్టుకుని, చర్మం చిటికెతో ఎత్తి వదిలాడు. ఎత్తిన చర్మం ఎత్తినట్టే నిలబడింది. ఒక సూదిమందు వేశాడు. "సిక్కోలు ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైను ఎక్కించాలి. బండి కట్టండి," అన్నాడు సోములుతో. సోములు ఎడ్లకోసం పరిగెత్తాడు. నరసింగరావు నీలవేణిని పక్కకు పిలిచాడు.

"వీళ్ళిద్దరూ ఏం తిన్నారమ్మా?"

"నిన్న మా అత్త పుట్టింటోళ్ళు తెచ్చిన కూడేనండి. ఊరంతా తిన్నారు. ఎవులికీ ఏటీ అవ్వనేదు."

"ఊరంతా ఎప్పుడు తిన్నారు?"

"నిన్న మద్దేన్నం."

"వీళ్ళు?"

"ఈ పొద్దు తెల్లారి. ముంతలో ఏరేగా తీసి ఎట్టినాను."

"ముంత ఎక్కడ పెట్టావు?"

నీలవేణి చెయ్యి చూపింది. ఆయన దాలి దగ్గరకు వెళ్ళి వంగి బూడిదలో చెయ్యి పెట్టాడు. అలాగే కాసేపు ఉంచాడు. కాలితే తీసేసేవాడే. కాలలేదు.

"పిడకలు వెయ్యలేదా?"

"ఎయ్యకూడదన్నారండి. పాడయిపోనాదేటండి కూడు? కాని ఎచ్చగానే ఉన్నాదండి. నాను సెయ్యెట్టి సూసినాను. సల్లారనేదు."

నరసింగరావు కూడా పల్లెటూరివాడే. మాట మెత్తగా చుట్టి చెప్పడం చేతకాని మనిషి. పక్కన గంపలో కోడి ఆయన్ని చూసి ఈకలు నిక్కబొడుచుకుంది. ఆయన దాన్ని చూశాడు, ముంతను చూశాడు.

"అన్నమంటూ మిగిలితే అది సలసలా కాగుతూ అయినా ఉండాలమ్మా, లేదంటే తొందరగా చల్లారి నీళ్ళలో పడి అయినా ఉండాలి. మధ్యన పెట్టకూడదు. ఈ ఎచ్చదనం ఉంది చూశావూ, కోడి కిందది, ఇందులో కంటికి కనపడని విషప్పురుగు పిల్లలు పెడతాది. నువ్వు దాన్ని పగలూ రాత్రీ పొదిగేవు."

ఆ మాట అన్నాక, అనకుండా ఉండాల్సిందని ఆయనకే తోచింది కాబోలు, సంచీ సర్దుకుంటూ గొంతు తగ్గించాడు. "ఇంకెప్పుడూ అలా చెయ్యకు. నేనెవరికీ చెప్పను."

ఆయన ఎవరికీ చెప్పలేదు కూడా.

సోములు ఎడ్లు కట్టాడు. బండిలో గడ్డి పరిచి దుప్పటి వేశారు. జగ్గమ్మని ఎత్తడానికి నలుగురు వంగారు. ఆవిడ కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. పెదవులు కదిలాయి.

"ఎచ్చగా... పెట్టినావే."

బండి ఊరు దాటలేదు. దీపాలు పెట్టేవేళకు దాన్ని వెనక్కి తిప్పారు.

మర్నాడు పొద్దున్నకల్లా ఊరు ఊరంతా ఆ గుమ్మంలో ఉంది. మొన్నటి చావుకి రానివాళ్ళు కూడా వచ్చారు. ఎందుకంటే ఇది మామూలు చావు కాదు. మొగుడు పోయిన మూడో దినానే పోయింది. పదో దినం రాలేదు, గాజులు పగలగొట్టలేదు, బొట్టు చెరపలేదు. నుదుట ఆ బొట్టుతోనే, చేతికి ఆ గాజులతోనే వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు వరస కట్టి ఆవిడ నుదుటి కుంకుమ వేలితో అద్దుకుని తమ మెడలో సూత్రాలకు రాసుకున్నారు.

"ఏం పున్నెం సేసుకున్నాదో మా తల్లి!"

"మొగుడి ఎనకే ఎల్లిపోనాది."

"ఇంత బతుకూ ఒక ఎత్తు, ఈ సావు ఒక ఎత్తు."

గున్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ నీలవేణిని దగ్గరకు తీసుకుంది. "కోడలంటే నువ్వేనే. కడసారి కూడు ఎచ్చగా ఎట్టి పంపినావు. ఆ పున్నెం నీ బిడ్డకి తగుల్తాది." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునవునన్నారు. నీలవేణి ఆవిడ చేతుల్లోంచి విడిపించుకుని పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. బెంగ అనుకున్నారు.

శవం లేచింది. అలికిన పొయ్యి అలికినట్టే ఉంది. మళ్ళీ మూడు దినాలు. ఎండ నడినెత్తికి వచ్చేవేళ గంగరాజు బండి మళ్ళీ వచ్చింది. అవే గుండిగలు, అదే గడ్డి. కోడికూతకు ముందు వండిన అన్నం, పప్పు. జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు.

అసిరి వసారాలో చాప మీద నిద్రపోతోంది. నిన్నటినుంచి పిల్ల చెంచా నీళ్ళు తప్ప ఏమీ మింగలేదు. కళ్ళ కింద గుంటలు పడ్డాయి. నీలవేణి స్తంభానికి ఆనుకుని ఆ చిన్న డొక్క లేవడం, పడడం చూస్తూ కూర్చుంది. పక్కన గంపలోంచి ఏదో సన్నటి చప్పుడు. పెంకు లోపలినుంచి గిచ్చుతున్న చప్పుడు. పిల్లలు దిగడానికి సిద్ధంగా ఉన్నాయి. మామూలు రోజైతే అసిరిని లేపి చూపించేది. ఇప్పుడు ఆ చప్పుడు వింటూనే చాపను గంపకు దూరంగా లాగింది.

గున్నమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో ముంత. అదే ముంత. కడిగి, మెత్తటి అన్నం ఏరి, పప్పు పోసి, నెయ్యి వేసి కలిపి, అరిటాకు కప్పింది. ఎంతో శ్రద్ధగా కప్పింది.

"పిల్ల లెగిసీదెప్పుడో ఏటో. దాలిలో ఎడతానుండు. ఎప్పుడడిగితే అప్పుడు ఎచ్చగా ఉంటాది," అని వంగి, బూడిద జరిపి, ముంత పాతింది.

నీలవేణి లేచింది. వెళ్ళి ముంత పైకి తీసి, గట్టు మీద పెట్టింది. రెండు చేతులూ దాలిలోకి దోపింది. కెలక్కూడదన్న దాలిని మోచేతుల దాకా కెలికింది. పైన చల్లటి బూడిద, దాని కింద నులివెచ్చటి బూడిద, ఇంకా కింద ఊక. అడుక్కంటా వెళ్తే వేలి కొస చురుక్కుమంది. రేగుపండంత నిప్పు. జగ్గమ్మ నలభై ఏళ్ళు కాపాడిన దాలిలో మిగిలింది అంతే. దాన్ని పిడక ముక్క మీదికి ఎత్తి, కొంగు అడ్డం పెట్టి, ఊదుకుంటూ వంటింట్లోకి నడిచింది.

గున్నమ్మకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఊరు దద్దరిల్లేలా అరిచింది.

"ఓసే! పొయ్యి ఎలిగిత్తన్నావేటే? సావింట్లోన? ఇంకో పీనుగ లెగుస్తాదే! ఒరే సోములూ, నీ పెళ్ళానికి మతిపోనాదిరా, పట్టుకో!"

విస్తళ్ళ ముందు జనం లేచి వచ్చారు. సోములు గుమ్మంలో నిలబడ్డాడు. నీలవేణి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని నిప్పు మీద కొబ్బరిపీచు పెట్టి ఊదుతోంది. తల ఎత్తకుండానే అంది.

"మా అత్త మావ ఎనకాల ఎల్లనేదు. నాను పంపించీసినాను."

నిప్పును ఇంకోసారి ఊదింది.

"ఆ ముంతలో కూడు పాడయిపోనాది. దాలిలో నులిఎచ్చగా ఎట్టి నానే పాడుసేసినాను. ఏలు ఎట్టినప్పుడు తీగ సాగింది. సూసినాను. సూసీ ఎట్టినాను. అదే కూడు మీరందరూ ముందు దినం తిన్నారు, ఎవులికేటైంది? పగలూ రాత్రీ దాలిలో ఉన్నది తిన్నోళ్ళు ఇద్దరే. ఒకలు ఎల్లిపోనారు, ఒకలు అదిగో సాప మీద ఉన్నాది." పీచు రాజుకుంది. "ఈ కూడు కాగాల. నా పిల్ల నోట్లోకి ఎల్లీముందు కాగాల."

సూత్రాలకు కుంకుమ రాసుకున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరకు పోయింది. గున్నమ్మ మూలనున్న కర్ర అందుకుంది. "పాపిష్టిదానా," అంది చివరికి. "రేపు ఈ గుమ్మంలోంచి ఎవులు లెగిసినా అది నీదే." కర్ర పట్టుకుని బయటికి నడిచింది. ఆవిడ వెనక మిగతావాళ్ళు. విస్తళ్ళలో అన్నం సగం సగం వదిలేసి, పొయ్యి వెలిగిన చావింట్లో మెతుకు ముట్టమని గంగరాజుతో సహా అందరూ వెళ్ళిపోయారు.

సోములు వెళ్ళలేదు. అలాగని పెళ్ళాం వైపు చూడనూ లేదు. పెరట్లోకి వెళ్ళి, ఒక మోపు ఎండు తాటాకు తెచ్చి ఆమె పక్కన పడేశాడు. పడేసి, చాప మీద కూతురి దగ్గర, వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు.

నీలవేణి ముంతలో అన్నం గిన్నెలోకి వంచి, నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టింది. చెయ్యి పెట్టి చూడలేదు. కూర్చుని కళ్ళతో చూసింది. ముందు అంచుల్లో చిన్న బుడగలు వచ్చాయి. ఆమె కదల్లేదు. మధ్యలో పొంగింది. కదల్లేదు. అన్నమంతా కుతకుతలాడి, మూత ఎగిరి, గంజి పొయ్యిలో పడి చుయ్యిమనేదాకా తాటాకు తోస్తూనే ఉంది. అలా చాలాసేపు కాగనిచ్చి దించింది. అప్పటికి అసిరి కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలి" అంది.

నీలవేణి గిన్నె తెచ్చి చాప పక్కన పెట్టింది. పిల్ల చెయ్యి చాచింది.

"ఉండు, నాను ముందు," అని ఒక ముద్ద తీసి, ఊదకుండా, చల్లారనివ్వకుండా నోట్లో పెట్టుకుంది. నాలుక కాలింది. అంగిలి కాలింది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతుండగా మింగింది. సోములు అప్పుడు తల తిప్పి చూశాడు. పెళ్ళాం తన తల్లికోసం ఏడుస్తోందనుకున్నాడు. అదీ నిజమే.